వెనక సీటు కింది స్ప్రింగ్

మోటార్‌సైకిల్ గురించి వ్యాసం అనగానే స్పీడ్ గురించో, మైలేజీ గురించో రాశామనుకుంటారేమో. కాదు. మేము పదకొండో తరగతి విద్యార్థులం. గేర్ల బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలి కాబట్టి మాలో ఎవరికీ ఇంకా లైసెన్సు లేదు. మేమంతా వెనక కూర్చునేవాళ్లం. పొద్దున బడికి నాన్నగారి వెనక, సాయంత్రం ట్యూషన్‌కి అన్నయ్య వెనక, ఆదివారం కూరగాయల సంచులతో అమ్మ వెనక. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ ఎగిరిపడేది మేమే. మా సీటు కింద ఉండే స్ప్రింగ్ ఎలా పనిచేస్తుంది, మన బరువుకు తగినదేనా అని ఎలా తెలుసుకోవాలి, మార్చాల్సి వస్తే దేన్ని బట్టి ఎంచుకోవాలి అనేవే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న సంగతులు. వీటిలో చాలావరకు మన భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉన్నాయి.

ఇది సుఖంగా కూర్చోవడానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. వెనక స్ప్రింగ్ మోయాల్సిన బరువుకు చాలకపోతే బండి వెనక భాగం కుంగిపోతుంది. ముందు భాగం పైకి లేస్తుంది. హెడ్‌లైట్ వెలుతురు రోడ్డు మీద పడకుండా ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. ముందు టైరు మీద బరువు తగ్గి హ్యాండిల్ తేలికవుతుంది. గుంతలో పడినప్పుడు షాక్ అబ్జార్బర్ చివరిదాకా నొక్కుకుపోయి, ఆ దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. మరీ గట్టి స్ప్రింగ్ వేసినా ప్రమాదమే. చక్రం రోడ్డు ఎత్తుపల్లాలను అనుసరించలేక ఎగురుతుంది. ఎగిరిన టైరుకు పట్టు ఉండదు, బ్రేకు వేసినా బండి ఆగదు.

షాకప్‌లో ఇద్దరు పనివాళ్లు

మెకానిక్ షెడ్డులో షాక్ అబ్జార్బర్‌ను షాకప్ అంటారు. మేమూ ఇక్కడ ఆ మాటే వాడతాం. షాకప్‌లో రెండు భాగాలు రెండు వేర్వేరు పనులు చేస్తాయి. పైకి కనిపించే స్ప్రింగ్ బరువును మోస్తుంది. లోపలి గొట్టంలో ఉండే నూనె కదలికను నెమ్మదింపజేస్తుంది. నూనెలో కదిలే పిస్టన్‌కు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ఆ రంధ్రాల గుండా నూనె దూరి వెళ్లాలి కాబట్టి కదలికకు నిరోధం కలుగుతుంది, ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. పాఠంలో దీన్నే అవరుద్ధ డోలనం అన్నారు.

ఎవరి పని ఏదో ముందు తెలుసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది. ఆగి ఉన్న బండి ఎంత కుంగుతుందో నిర్ణయించేది స్ప్రింగ్. గుంత దాటాక ఎన్నిసార్లు ఊగుతుందో నిర్ణయించేది నూనె. బండి వెనక భాగాన్ని చేత్తో గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి నిలబడిపోతే నూనె బాగున్నట్టే. రెండు మూడు సార్లు ఊగితే నూనె కారిపోయిందనో, సీలు పోయిందనో అర్థం. అలాంటి షాకప్‌కు కొత్త స్ప్రింగ్ వేసినా ఉపయోగం ఉండదు.

స్ప్రింగ్ రేటు అంటే ధర కాదు

దుకాణంలో స్ప్రింగ్ రేటు ఎంత అని అడిగితే రూపాయల్లో చెబుతారు. ఇంజనీర్లు అడిగే స్ప్రింగ్ రేటు వేరు. అది మన పాఠంలోని స్ప్రింగ్ స్థిరాంకమే. స్ప్రింగ్‌ను ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బలం కావాలో చెప్పే సంఖ్య అది.

ఇంగ్లండ్‌కు చెందిన రాబర్ట్ హుక్ ఈ నియమాన్ని 1676లో అక్షరాలు తారుమారు చేసిన ఒక పజిల్ రూపంలో దాచిపెట్టి ప్రచురించాడు. దాని అర్థాన్ని 1678లో బయటపెట్టాడు. ఎవరైనా తనకంటే ముందు ఆ ఘనత కొట్టేయకుండా ఆ కాలపు శాస్త్రవేత్తలు వాడిన ఉపాయం అది. నియమం మాత్రం చాలా సులువు. స్ప్రింగ్ ఎంత నొక్కుకుంటే తిరిగి అంత బలంతో తోస్తుంది. బలం = స్థిరాంకం × నొక్కుకున్న దూరం.

ఉదాహరణకు ఒక స్ప్రింగ్ రేటు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అనుకుందాం. 200 న్యూటన్ల బరువు పెడితే 10 మిల్లీమీటర్లు కుంగుతుంది, 400 పెడితే 20 కుంగుతుంది. ఒక కిలో బరువు దాదాపు 10 న్యూటన్లు కాబట్టి, ఈ స్ప్రింగ్ 2 కిలోలకు ఒక మిల్లీమీటరు చొప్పున కుంగుతుందని గుర్తుపెట్టుకోవచ్చు. కొన్ని స్ప్రింగుల మీద మిల్లీమీటరుకు ఇన్ని కిలోలు అనో, అంగుళానికి ఇన్ని పౌండ్లు అనో రాసి ఉంటుంది. మిల్లీమీటరుకు 1 కిలో అంటే మిల్లీమీటరుకు 9.8 న్యూటన్లు, అంగుళానికి 56 పౌండ్లు. కొనేముందు అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చుకోవాలి.

బండికి రెండు వైపులా రెండు షాకప్‌లు ఉంటే అవి సమాంతరంగా కలిపిన స్ప్రింగులతో సమానం. వాటి స్థిరాంకాలు కలుస్తాయి. ఒక్కొక్కటి 10 అయితే రెండూ కలిపి 20. ఒక స్ప్రింగ్ లోపల ఇంకో స్ప్రింగ్ పెట్టినా సూత్రం అదే. బజాజ్ సీటీ 100 వంటి బండ్లలో ఈ స్ప్రింగ్‌లో స్ప్రింగ్ పద్ధతి ఉంది.

రేటును నిర్ణయించేది తీగ

స్ప్రింగ్ గట్టిదనం మూడు కొలతల మీద, లోహం మీద ఆధారపడుతుంది. తీగ మందం పెరిగితే గట్టిపడుతుంది. చుట్టు వెడల్పు పెరిగితే మెత్తబడుతుంది. చుట్ల సంఖ్య పెరిగినా మెత్తబడుతుంది. మూడింటిలో తీగ మందం ప్రభావమే చాలా ఎక్కువ. రేటు తీగ వ్యాసం నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలోనూ, చుట్టు వ్యాసం ఘనానికి, చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలోనూ ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 7 మి.మీ. తీగ బదులు 8 మి.మీ. తీగ వాడి మిగతావన్నీ అలాగే ఉంచితే రేటు దాదాపు 1.7 రెట్లు అవుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకు 70 శాతం పెరిగిందన్నమాట! కాబట్టి పక్కపక్కన పెడితే ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు ఒకే రకం కాకపోవచ్చు. తీగ మందాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి చూడాల్సిందే. ప్రయోగశాలలో మనం గోళీలనూ స్తూపాలనూ కొలిచే ఆ పరికరం ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది.

ఈ సూత్రంతో రెండు అపోహలు తొలగుతాయి. ఎత్తు తగ్గించడానికి కొందరు స్ప్రింగ్ చుట్లు కోయిస్తారు. 12 చుట్లలో 2 కోస్తే రేటు 20 శాతం పెరుగుతుంది. బండి ఎత్తు తగ్గుతుంది, స్ప్రింగ్ గట్టిపడుతుంది, నొక్కుకోవడానికి ఉన్న చోటు తగ్గిపోతుంది. చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చినా ఇలాంటిదే జరుగుతుంది, ఎందుకంటే రబ్బరు ఇరుక్కున్న చుట్లు పనిచేయడం మానేస్తాయి.

రెండో అపోహ, స్ప్రింగ్ పాతబడి మెత్తబడింది అనేది. ఉక్కు దృఢతా గుణకం ఏళ్లు గడిచినంత మాత్రాన చెప్పుకోదగినంత మారదు. తుప్పు తిని తీగ సన్నబడకపోతే రేటు కూడా మారదు. పాత స్ప్రింగ్ కొంచెం పొట్టిదై ఉండవచ్చు, దానివల్ల బండి కుంగినట్టు కనిపించవచ్చు. ఎక్కువసార్లు పాడయ్యేది నూనె, సీలు, షాకప్ రెండు చివర్ల ఉండే రబ్బరు బుష్‌లు.

కొన్ని స్ప్రింగులకు ఒక చివర చుట్లు దగ్గరదగ్గరగా, మరో చివర దూరదూరంగా ఉంటాయి. బరువు పెరిగేకొద్దీ దగ్గరగా ఉన్న చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోతాయి. పనిచేసే చుట్ల సంఖ్య తగ్గుతుంది, స్ప్రింగ్ గట్టిపడుతుంది. ఒక్కరు వెళ్లినప్పుడు మెత్తగా, ఇద్దరు ఎక్కినప్పుడు గట్టిగా ఉండాలని చేసిన ఏర్పాటు ఇది.

చక్రం దగ్గర లెక్క మారుతుంది

బండి వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప చేయిని స్వింగ్ ఆర్మ్ అంటారు. దాని ముందు చివర ఫ్రేముకు బిగించి ఉంటుంది. వెనక చివర చక్రంతో కలిసి పైకీ కిందికీ ఊగుతుంది. గునపంతో బండరాయిని లేపినట్టే ఇదీ ఒక తులాదండం. రెండు షాకప్‌లున్న బండ్లలో అవి చక్రం ఇరుసుకు దగ్గరగా బిగించి ఉంటాయి కాబట్టి చక్రం ఎంత కదిలితే స్ప్రింగ్ దాదాపు అంతే కదులుతుంది. 2004లో వచ్చిన హోండా యూనికార్న్ వంటి బండ్లలో సీటు కింద ఒకే షాకప్ ఉంటుంది. దాన్ని మోనోషాక్ అంటారు. అది ఇరుసుకు దూరంగా, ముందుకు జరిగి ఉంటుంది.

స్వింగ్ ఆర్మ్‌కు సరిగ్గా మధ్యలో మిల్లీమీటరుకు 100 న్యూటన్ల స్ప్రింగ్ ఒకటి పెట్టామనుకోండి. చక్రం 2 మి.మీ. లేస్తే స్ప్రింగ్ 1 మి.మీ. నొక్కుకుని 100 న్యూటన్లతో తోస్తుంది. చక్రం రెట్టింపు దూరంలో ఉంది కాబట్టి అక్కడికి చేరేది 50 న్యూటన్లే. 2 మి.మీ.కు 50 అంటే మిల్లీమీటరుకు 25. దూరం నిష్పత్తి 2 అయితే రేటు నాలుగో వంతుకు పడిపోయింది. ఎప్పుడూ ఆ నిష్పత్తి వర్గంతో భాగించాలి. అందుకే ఒక బండి మోనోషాక్ స్ప్రింగ్ మీద ఉన్న సంఖ్యను ఇంకో బండి జంట షాకప్ సంఖ్యతో పోల్చకూడదు. చక్రం దగ్గర వచ్చే రేటునే పోల్చాలి.

కుంగడం కూడా అవసరమే

ఆగి ఉన్న బండి కొంత కుంగి ఉండాలి. ఎందుకంటే రోడ్డు మీద మిట్టలతో పాటు గుంతలూ ఉంటాయి. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలను అంటిపెట్టుకుని ఉండాలంటే, ముందుగా కొంత కుంగిన చోటు ఉండాలి. ఇలా కుంగిన దూరాన్ని ఇంగ్లిషులో శాగ్ అంటారు. మనం కుంగు అందాం.

చక్రం అడుగు నుంచి పైదాకా కదలగల మొత్తం దూరం ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొత్త మోడల్‌కు వెనక 90 మి.మీ., కొండదారుల కోసం చేసిన హిమాలయన్ 411కు 180 మి.మీ. మామూలు రోడ్డు బండికి, నడిపే మనిషి కూర్చున్నప్పుడు ఈ మొత్తంలో పావు నుంచి మూడో వంతు దాకా కుంగితే మంచిది. మనిషి లేకుండా ఖాళీ బండి కొద్దిగా, పదో వంతు లోపు, కుంగితే చాలు.

రింగు తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందా?

షాకప్ మీద మెట్లు మెట్లుగా ఉండే ఒక రింగు ఉంటుంది. కొక్కెం లాంటి పానాతో దాన్ని తిప్పుతారు. దీన్ని తిప్పితే షాకప్ గట్టిపడుతుందని చాలామంది అంటారు. ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే కాబట్టి లెక్కతో చూద్దాం.

రింగు చేసే పని ఒక్కటే. ఎవరూ కూర్చోకముందే స్ప్రింగ్‌ను కొంచెం నొక్కి ఉంచుతుంది. దీన్ని ప్రీలోడ్ అంటారు. తీగ మందం మారలేదు, చుట్టు వెడల్పు మారలేదు, చుట్ల సంఖ్యా మారలేదు. కాబట్టి రేటు మారదు.

ఒక మామూలు బండిని ఊహించుకుందాం. వెనక చక్రం కదలగల దూరం 100 మి.మీ. వెనక స్ప్రింగుల మీద పడే బరువు ఖాళీ బండికి 45 కిలోలు, ఒకరు కూర్చుంటే 85, ఇద్దరు కూర్చుంటే 140. నడిపేవారి బరువులో కొంత ముందు చక్రం మీదికి పోతుంది. వెనక కూర్చున్నవారి బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది. అందుకే రెండో మనిషి ఎక్కగానే అంత తేడా వస్తుంది. కిలోకు 10 న్యూటన్ల చొప్పున ఇవి 450, 850, 1400 న్యూటన్లు.

మొదటి ఏర్పాటు: రేటు 20, ప్రీలోడ్ 15 మి.మీ. ఖాళీ బండి 7.5 మి.మీ. కుంగుతుంది. ఒకరు ఎక్కితే 27.5, ఇద్దరు ఎక్కితే 55.

రెండో ఏర్పాటు: అదే స్ప్రింగ్, రింగు తిప్పి ప్రీలోడ్ 25 మి.మీ. చేశాం. ఖాళీ బండి అసలు కుంగదు. ఒకరు ఎక్కితే 17.5, ఇద్దరు ఎక్కితే 45.

మూడో ఏర్పాటు: స్ప్రింగ్ మార్చాం. రేటు 25, ప్రీలోడ్ 10 మి.మీ. ఖాళీ బండి 8, ఒకరు ఎక్కితే 24, ఇద్దరు ఎక్కితే 46.

మొదటి రెండు వరుసలు పోల్చండి. మనుషులు ఎక్కిన ప్రతిసారీ తేడా సరిగ్గా 10 మి.మీ. ఒకరికీ ఇద్దరికీ మధ్య తేడా రెండింటిలోనూ 27.5 మి.మీ.యే. అంటే రింగు సీటు ఎత్తును పెంచింది, స్ప్రింగ్ స్వభావాన్ని మార్చలేదు. మూడో వరుసలో ఆ తేడా 22 మి.మీ.కు తగ్గింది. స్ప్రింగ్ నిజంగా గట్టిపడితే కనిపించే గుర్తు అదే.

ఇప్పుడు ఇద్దరు ఎక్కినప్పటి సంగతి చూడండి. రెండో ఏర్పాటులో 45, మూడో ఏర్పాటులో 46. బయటి నుంచి చూస్తే రెండు బండ్లూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. కానీ గుంత దెబ్బకు అడుగంటాలంటే రెండో ఏర్పాటులో మిగిలిన 55 మి.మీ.కు ఇంకా 1100 న్యూటన్లు కావాలి. మూడో ఏర్పాటులో మిగిలిన 54 మి.మీ.కు 1350 న్యూటన్లు కావాలి. మొదటి ఏర్పాటులో అయితే 900 చాలు. ఒకే ఎత్తులో నిలబడ్డా, దెబ్బను ఆపుకునే శక్తి వేరు. పైగా రెండో ఏర్పాటులో ఒక్కరే వెళ్లేటప్పుడు చక్రం గుంతలోకి 17.5 మి.మీ. మాత్రమే దిగగలదు. టైరు తరచూ నేలను వదిలేస్తుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఉద్దేశించిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. 10 సెంటీమీటర్లంటే మన బండి చక్రం కదలగల మొత్తం దూరం. వెడల్పు ఎక్కువ, వేగం తక్కువ అయితే బండి మొత్తం మెల్లగా లేచి దిగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. వెడల్పు లేకుండా నిటారుగా కట్టిన దాన్ని అదే వేగంతో దాటితే, మిగిలిన ఆ 45, 55 మిల్లీమీటర్లే మన నడుముకు దిక్కు.

మూడో మనిషి ఎక్కితే ఏమవుతుందో కూడా ఇదే లెక్క చెబుతుంది. ఇంకో 30 కిలోలు కలిస్తే మొదటి ఏర్పాటులో కుంగు 70 మి.మీ. మిగిలేది 30. మోటారు వాహనాల చట్టం, 1988లోని 128వ సెక్షన్ ద్విచక్ర వాహనం మీద నడిపేవారు కాక ఒక్కరే కూర్చోవచ్చని చెబుతుంది. అంతకు మించిన బరువుకు ఆ స్ప్రింగ్‌ను తయారు చేయలేదు. గట్టి స్ప్రింగ్ వేసుకుంటే ముగ్గురం వెళ్లవచ్చని ఎవరూ అనుకోకూడదు. బ్రేకులు, టైర్లు, ఫ్రేము అలాగే ఉంటాయి కదా. బండి ఎంత బరువు మోయవచ్చో దానితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ హద్దు స్ప్రింగ్ మార్చినా మారదు.

ఇంట్లో కొలిచి చూడండి

దీనికి ఒక టేపు, ఒక పెన్సిల్, ఇద్దరు పెద్దవాళ్లు చాలు. ముందుగా టైర్లలో గాలి సరిచూడండి. గాలి తక్కువగా ఉంటే కొలతలన్నీ తప్పుతాయి.

మొదట బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో ఉండేలా చూడండి. ఇరుసు మధ్య నుంచి నిటారుగా పైన బాడీ మీద ఒక గుర్తు పెట్టి ఆ దూరం కొలవండి. తర్వాత స్టాండ్ తీసి బండిని నిటారుగా పట్టుకుని అదే దూరం కొలవండి. మూడోసారి నడిపేవారు హెల్మెట్‌తో సహా కూర్చున్నాక కొలవండి. నాలుగోసారి వెనక కూడా ఒకరు కూర్చున్నాక కొలవండి. ఎవరో ఒకరు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకోవాలి. మొదటి దూరం నుంచి మిగతావాటిని తీసివేస్తే మూడు కుంగులూ తెలుస్తాయి. షాకప్‌లో రాపిడి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకసారి నొక్కి వదిలి, ఒకసారి కొంచెం లేపి వదిలి, రెండింటి సగటు తీసుకోవాలి. మనం ప్రయోగశాలలో చేసేదీ అదే.

రేటు కూడా తెలుసుకోవాలంటే మనుషుల బరువు చూసే తూకం మిషను వెనక చక్రం కింద పెట్టండి. ముందు చక్రం కింద అదే ఎత్తున్న చెక్క పెట్టండి. నడిపేవారు కూర్చోకముందు, కూర్చున్నాక తూకం చూడండి. తూకం 40 కిలోలు పెరిగి, కుంగు 20 మి.మీ. పెరిగితే, 400ను 20తో భాగించండి. చక్రం దగ్గర రేటు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. చుట్లు ఎడంగా, దగ్గరగా ఉన్న స్ప్రింగ్ అయితే ఇది ఆ పరిధిలోని సగటు మాత్రమే. ఇద్దరు కూర్చుంటే మిషను హద్దు దాటవచ్చు కాబట్టి ఒకరితోనే ఆపండి.

ఎలా ఎంచుకోవాలి?

ముందు రింగు తిప్పి, నడిపేవారు కూర్చున్నప్పటి కుంగును పావు, మూడో వంతుల మధ్యకు తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఖాళీ బండి కుంగు చూడాలి. అదే అసలు జవాబు చెబుతుంది.

ఖాళీ బండి కొద్దిగా కుంగి ఉంటే స్ప్రింగ్ సరైనదే. డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. ఖాళీ బండి అసలు కుంగకపోతే, చేత్తో వెనక భాగాన్ని లేపబోతే వెంటనే చక్రం కూడా లేస్తే, రింగు అతిగా బిగించాల్సి వచ్చిందని అర్థం. అంటే స్ప్రింగ్ ఆ మనిషికి మెత్తనిది. ఖాళీ బండి కుంగలేదు కాబట్టి స్ప్రింగ్ గట్టిదని తోచడం సహజం. లెక్క మాత్రం తిరగబడి ఉంటుంది. దీనికి వ్యతిరేకంగా, రింగు పూర్తిగా వదులు చేసినా మనిషి కూర్చుంటే పావు వంతు కుంగకపోతే స్ప్రింగ్ ఆ మనిషికి గట్టిది.

మార్చాలని తేలితే రోజూ ఎవరు, ఎంత బరువుతో వెళ్తారో చూసి నిర్ణయించండి. వారమంతా ఒక్కరే వెళ్లి, ఆదివారం మాత్రం ఇద్దరు వెళ్లే ఇంట్లో ఉన్న స్ప్రింగే ఉంచి, ఆ రోజుకు రింగు ఒకటి రెండు మెట్లు బిగిస్తే సరిపోతుంది. సీటు ఎత్తును, హెడ్‌లైట్ కోణాన్ని తిరిగి చోటుకు తేవడానికే రింగు ఉన్నది. రోజూ ఇద్దరు వెళ్లే ఇంటికి గట్టి స్ప్రింగ్ అవసరం కావచ్చు. అప్పుడు కూడా రేటును 10, 15 శాతం చొప్పున పెంచి చూడాలి. ఒకేసారి రెట్టింపు చేయకూడదు. జంట షాకప్‌లైతే రెండు వైపులా ఒకే రకం వేయాలి. స్ప్రింగ్ పొడవు, లోపలి వ్యాసం పాతదానితో సరిపోవాలి. గట్టి స్ప్రింగ్ పైకి విసిరే బలం ఎక్కువ కాబట్టి దాన్ని ఆపగలిగేంత నూనె నిరోధం కూడా ఉండాలి. అందుకే విడి స్ప్రింగ్ కంటే, మన బరువుకు సరిపోయే షాకప్ మొత్తంగా తీసుకోవడం చాలాసార్లు మేలు. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే చేతులు విరిచేసేంత శక్తి దానిలో ఉంటుంది. విప్పడం, బిగించడం సరైన పనిముట్లున్న మెకానిక్ అన్నకే వదిలేయండి. కొలతలు మాత్రం మీరే రాసి తీసుకెళ్లి చూపించండి.

మన ఇళ్లలో చాలామందికి ఉన్నది ఒకటే బండి. ఆఫీసుకు, ఆసుపత్రికి, బడికి, బజారుకు అన్నిటికీ అదే. నాన్నగారికి నడుం నొప్పి అంటే వయసు వల్లేనని, రాత్రి ఎదుటి బండివాళ్లు లైటు కొట్టి తిడితే వాళ్లకు తొందరెక్కువని సర్దుకుపోతుంటాం. రెండిటికీ కారణం సీటు కింద ఉందేమో ఒక ఆదివారం టేపు పట్టుకుని చూడండి. వెనక సీటు మనది కాబట్టి ఈ కొలతలు తీసే పని మనమే మొదలుపెడదాం.